బేస్‌బాల్‌లో ఎవరి గురించి, ఏ రికార్డుల గురించి తప్పక తెలుసుకోవాలి? పంతొమ్మిదేళ్లుగా స్కోర్‌బుక్ రాస్తున్నవాడి సమాధానం

మీరు అడిగింది ఇదీ: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో లంచ్ టైమ్‌లో బేస్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. ఒకరు 56 అంటారు, ఒకరు 42 అంటారు, ఇంకొకరు "ఫోర్ ఓ సిక్స్" అంటారు. ఏ అంకె ఎవరిదో తెలియక ఊరికే తలూపాల్సి వస్తోంది. క్రికెట్ బాగా తెలిసినవాడికి బేస్‌బాల్ చరిత్రలో ముఖ్యమైన ఆటగాళ్లు ఎవరు, మైలురాళ్లు ఏవి, అన్నిటికంటే పెద్దది ఏది? మనవాళ్లెవరైనా ఉన్నారా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే: 1947 ఏప్రిల్ 15, జాకీ రాబిన్సన్, జెర్సీ నంబర్ 42. అంకెలు కావాలంటే ఇవి: హోమ్ రన్లలో (బంతిని కంచె దాటించడం, మన సిక్సర్ లాంటిది) బేబ్ రూత్ 714, ఆయన్ని దాటిన హ్యాంక్ ఆరన్ 755, ఆ పైన బారీ బాండ్స్ 762. వరసగా 56 ఆటల్లో హిట్ (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టిన జో డిమాజియో. .406 యావరేజ్‌తో సీజన్ ముగించిన టెడ్ విలియమ్స్. ఒక్క ఆట కూడా మానకుండా 2,632 ఆడిన కాల్ రిప్కెన్. 5,714 స్ట్రైక్అవుట్ల (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) నోలన్ రయన్. ఇవాళ్టి ఆటగాళ్లలో షోహెయ్ ఒహ్తానీ. ఈ పేర్లు తెలిస్తే మీ లంచ్ టేబుల్ దగ్గర మాటలు చాలావరకు అర్థమవుతాయి.

అయితే ఈ అంకెల్ని బట్టీ పడితే లాభం లేదు. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను.

నేను 1998లో వైటూకే ప్రాజెక్టు మీద సెయింట్ లూయిస్‌లో దిగాను. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్లం. ఆ ఎండాకాలం ఊరంతా ఒకే లెక్క మీద బతికింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఆడే మార్క్ మెగ్వయర్, చికాగో కబ్స్‌కు ఆడే సామీ సోసా ఇద్దరూ పోటీపడి హోమ్ రన్లు కొడుతున్నారు. ఒక సీజన్‌లో 61 అని 1961లో రోజర్ మారిస్ పెట్టిన రికార్డును ఎవరు ముందు దాటతారా అని అందరికీ టెన్షన్. మా టీమ్‌లో ఒక పెద్దాయన రోజూ పొద్దున పేపర్ పట్టుకుని నా డెస్క్ దగ్గరకొచ్చేవాడు. చిన్న అచ్చులో ఉన్న స్కోర్ పట్టీ మీద వేలు పెట్టి, "ఇది చదువు" అని నాతో చదివించేవాడు. ఆట చూడకముందే నాకు పట్టీ చదవడం వచ్చింది.

సెప్టెంబర్ 8 రాత్రి 62వది పడింది. బంతి ఎడమవైపు గోడను బొటాబొటిగా దాటింది. 341 అడుగులు. ఆ ఏడాది అతను కొట్టినవాటిలో అన్నిటికంటే తక్కువ దూరం వెళ్లింది అదే. సంతోషంలో మెగ్వయర్ మొదటి బేస్‌ను తొక్కకుండా దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి తొక్కాడు. స్టాండ్స్‌లో కూర్చున్న మారిస్ పిల్లల్ని వెళ్లి కౌగిలించుకున్నాడు. ప్రత్యర్థి జట్టులో ఉన్న సోసా కూడా వచ్చి కౌగిలించుకున్నాడు. మేము నలుగురం టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టాం. సీజన్ ముగిసేసరికి మెగ్వయర్ 70, సోసా 66. పన్నెండేళ్ల తర్వాత, 2010 జనవరిలో, ఆ రోజుల్లో స్టెరాయిడ్లు వాడానని మెగ్వయర్ ఒప్పుకున్నాడు. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. నాకు ఈ ఆటను ప్రేమించడం నేర్పిన ఎండాకాలం అది.

అప్పటినుంచి ఏ రికార్డు అంకె విన్నా మూడు ప్రశ్నలు వేసుకుంటాను: ఎన్ని ఆటల్లో కొట్టాడు? ఎవరితో ఆడాడు? అప్పుడు ఎవర్ని ఆడనివ్వలేదు? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. అందుకే నా జవాబు జాకీ రాబిన్సన్.

ముందు యావరేజ్ సంగతి. క్రికెట్‌లో పరుగుల్ని ఔట్లతో భాగిస్తాం కదా. ఇక్కడ హిట్లను బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తారు. పిచ్చర్ నాలుగు బంతులు బయట వేసి బ్యాటర్‌కు ఊరికే బేస్ ఇస్తే దాన్ని వాక్ అంటారు, అది ఈ లెక్కలోకి రాదు. పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ కొడితే .300. అంతమాత్రం ఉంటే చాలు, మంచి బ్యాటర్ కింద లెక్క. పదిలో ఏడుసార్లు విఫలమైనవాడికి చప్పట్లు కొట్టే ఆట ఇది. ఇంకో మాట, ఈ స్కోర్ పట్టీని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్ ప్రాంతంలో క్రికెట్ వార్తలు రాసిన విలేఖరి. మనకు ఈ పట్టీ కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఉంది.

ఇక అసలు కథలోకి. అందరికీ తెలిసేలా జీతాలిచ్చి ఆడించిన మొదటి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. నేషనల్ లీగ్ 1876లో మొదలైంది. 1901లో అమెరికన్ లీగ్ దానికి పోటీగా పెద్ద లీగ్ అయింది. రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ 1903లో మొదలైంది.

తొలి రోజుల్లో హోమ్ రన్ అనేది అరుదు. 1918లో అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టిన ఇద్దరి లెక్క తలా 11. ఆ ఇద్దరిలో ఒకడు బోస్టన్ రెడ్ సాక్స్ పిచ్చర్ బేబ్ రూత్. మరుసటేడు 29 కొట్టాడు. బోస్టన్ యజమాని అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మేశాడు. 1920లో రూత్ ఒక్కడే 54 కొట్టాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో యాంకీస్ కాక మిగిలిన ఏ జట్టూ, ఆటగాళ్లందరివీ కలిపినా, అన్ని కొట్టలేదు. ఒక్క మనిషి ఒక జట్టు కంటే ఎక్కువ! మనకు బ్రాడ్‌మన్ 99.94 ఎలాగో, వీళ్లకు రూత్ అలాగ. ఆ ఇద్దరూ 1932లో యాంకీ స్టేడియంలో కలుసుకున్నారు కూడా.

రూత్ గొప్పతనం ఒక్కటే కాదు, కాలం కూడా కలిసొచ్చింది. అప్పటిదాకా పిచ్చర్లు బంతికి ఉమ్మి, మట్టి పూసి, మురికిగా చేసి వేసేవాళ్లు. 1920లో కొత్తగా ఎవరూ ఉమ్మి పూయకూడదని నియమం పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి చనిపోయాడు. ఆ తర్వాత బంతి మాసిపోగానే మార్చడం మొదలైంది. తెల్లటి బంతి కంటికి బాగా కనిపిస్తుంది. 1927లో రూత్ 60 కొట్టాడు. 1935లో ఆట మానేసేసరికి 714.

ఆ 60ని 1961లో మారిస్ దాటినప్పుడు మొదటి ప్రశ్న లేచింది: ఎన్ని ఆటల్లో? రూత్ కాలంలో సీజన్‌కు 154 ఆటలు, అమెరికన్ లీగ్‌లో 1961 నుంచి 162. 154 ఆటల్లోపు దాటకపోతే రికార్డుల్లో వేరుగా చూపాలని అప్పటి కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అన్నాడు. మారిస్ 61వది సీజన్ చివరి రోజు కొట్టాడు. ఆ ఒత్తిడికి అతని జుట్టు ఊడిపోయింది. పాపం, తన రికార్డును తను ఆనందించలేకపోయాడు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టాడు. ఇప్పటికీ పుస్తకంలో ఉన్నది అదే. 2022లో యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 62 కొడితే "అసలు రికార్డు ఇదే" అన్నవాళ్లు చాలామంది. మీ ఆఫీసులో ఈ గొడవ తప్పకుండా వస్తుంది.

హ్యాంక్ ఆరన్ గురించి మాత్రం గొడవపడనివ్వను. అలబామాలోని మొబీల్‌లో పుట్టిన నల్లజాతి పిల్లవాడు. 1952లో నల్లజాతివాళ్ల జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌తో మొదలుపెట్టాడు. ఒక్క సీజన్‌లో కూడా 50 హోమ్ రన్లు కొట్టలేదు. చాలా ఏళ్లు ముప్పై, నలభై, అలా ఇరవై ఏళ్లకు పైగా ఆడాడు. 1973 సీజన్ ముగిసేసరికి 713 దగ్గర ఆగాడు, రూత్ కంటే ఒకటి తక్కువ. ఆ చలికాలమంతా ఉత్తరాలు. తెల్లవాడి రికార్డు ముట్టుకుంటే చంపుతామని ఉత్తరాలు. ఆయన వాటిని పారేయకుండా దాచుకున్నాడు.

1974 ఏప్రిల్ 8, అట్లాంటా, నాలుగో ఇన్నింగ్స్. డాడ్జర్స్ పిచ్చర్ ఆల్ డౌనింగ్ వేసిన బంతి ఎడమవైపు కంచె దాటి పడింది. 715. ఆరన్ బేస్‌లు చుట్టి వస్తుంటే స్టాండ్స్‌లోంచి ఇద్దరు కుర్రాళ్లు దూకి పక్కన పరుగెత్తారు. అభినందించడానికే వచ్చారు, కానీ అన్ని బెదిరింపుల తర్వాత ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. హోమ్ ప్లేట్ దగ్గర వాళ్లమ్మ ఎస్టెల్లా ఆయన్ని వాటేసుకుంది. ఆ వీడియో చూడండి, ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. ఆయన మొత్తం హిట్లు 3,771. అందులోంచి 755 హోమ్ రన్లనూ తీసేసినా ఇంకా 3,016 ఉంటాయి. మూడు వేల హిట్లంటే హాల్ ఆఫ్ ఫేమ్ (మహా ఆటగాళ్ల గౌరవ మందిరం) స్థాయి. హోమ్ రన్లు లేని ఆరన్ కూడా అంతటివాడే.

2007 ఆగస్టు 7న బాండ్స్ 756వది కొట్టాడు. అంకె ప్రకారం అతనే ముందు. కానీ స్టెరాయిడ్ల అనుమానం వల్ల, బేస్‌బాల్ విలేఖరుల ఓటింగ్‌లో ఉన్న పదేళ్లలోనూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు కావాల్సిన 75 శాతం ఓట్లు అతనికి రాలేదు.

1941 సీజన్ వేరే ప్రపంచం. రెండు ఘనతలు ఆ ఒక్క ఏడాదివే, ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో ఎవరూ ముట్టుకోలేదు. మే 15 నుంచి జూలై 16 వరకు డిమాజియో ఆడిన ప్రతి ఆటలోనూ కనీసం ఒక హిట్ కొట్టాడు. 56 ఆటలు. జూలై 17న క్లీవ్‌లాండ్‌లో 67 వేల మందికి పైగా చూస్తుండగా, మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ రెండుసార్లు లైను పక్కన బంతిని ఆపి మొదటి బేస్‌కు విసిరాడు. పరంపర తెగింది. మర్నాటి నుంచి డిమాజియో మళ్లీ 16 ఆటల్లో కొట్టాడు. తర్వాత దగ్గరగా వచ్చినవాడు పీట్ రోజ్, 1978లో 44. అంతే.

టెడ్ విలియమ్స్ సంగతి నాకు ఇంకా ఇష్టం. సెప్టెంబర్ 28, సీజన్ ఆఖరి రోజు, ఫిలడెల్ఫియాలో రెండు ఆటలు. ఆ పొద్దున ఆయన లెక్క 448 అవకాశాల్లో 179 హిట్లు, అంటే .39955. మూడు అంకెలకు సవరిస్తే .400 అవుతుంది. కూర్చుంటే చాలు, .400 ఖాయం. కావాలంటే ఆడకు అని మేనేజర్ జో క్రోనిన్ కూడా అన్నాడు. విలియమ్స్ ఒప్పుకోలేదు. మొదటి ఆటలో ఐదుకు నాలుగు. రెండో ఆటలో మూడుకు రెండు. 456కు 185, అంటే .406. ఆ తర్వాత ఇప్పటిదాకా అమెరికన్, నేషనల్ లీగుల్లో సీజన్ మొత్తం మీద .400 దాటినవాడు లేడు. 1994లో టోనీ గ్విన్ .394 మీదుండగా సమ్మె వచ్చి ఆ సీజనే ఆగిపోయింది. విలియమ్స్ రెండో ప్రపంచ యుద్ధానికీ, కొరియా యుద్ధానికీ వెళ్లాడు. మంచి వయసులో దాదాపు ఐదు సీజన్లు అలా పోయాయి, అయినా 521 హోమ్ రన్లు. ఇది చెప్తే మీ ఆఫీసులో పెద్దవాళ్లు కుర్చీ దగ్గరకు జరుపుకుంటారు.

ఆట మానకుండా ఆడినవాళ్లు ఇద్దరు. యాంకీస్ ఆటగాడు లూ గెరిగ్ వరసగా 2,130 ఆటలాడాడు. 1939 మేలో, డెట్రాయిట్‌లో, ఇక తనవల్ల కాదని తనే మేనేజర్‌కు చెప్పి పక్కకు తప్పుకున్నాడు. నరాలను, కండరాలను తినేసే ఏఎల్ఎస్ జబ్బు అది, అమెరికాలో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రెండేళ్లకు చనిపోయాడు. 1995 సెప్టెంబర్ 6న బాల్టిమోర్‌లో రిప్కెన్ 2,131వ ఆట ఆడాడు. అంతకుముందు ఏడాది సమ్మె వల్ల వరల్డ్ సిరీసే రద్దయింది, జనానికి ఆట మీద మనసు విరిగి ఉంది. ఆ రాత్రి ఐదో ఇన్నింగ్స్ సగం కాగానే ఆట ఆపేశారు. రిప్కెన్ స్టేడియం చుట్టూ తిరిగి కంచె దగ్గరున్నవాళ్లతో చేతులు కలిపాడు, ఇరవై నిమిషాలకు పైగా చప్పట్లు ఆగలేదు. 1998లో తనే విశ్రాంతి తీసుకునేసరికి 2,632.

ఇప్పుడు 42.

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పెద్ద లీగుల్లో నల్లజాతివాళ్లను ఆడనివ్వలేదు. చట్టం కాదు, యజమానుల మధ్య కట్టుబాటు. వాళ్లు వేరే లీగులు పెట్టుకున్నారు. రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ అనే ఆయన 1945లో రాబిన్సన్‌ను తీసుకుని, ఒక సీజన్ మాంట్రియల్‌లో ఆడించి, 1947 ఏప్రిల్ 15న పెద్ద జట్టులో దించాడు. మొదటి బేస్.

స్కోర్‌బుక్ రాసేవాడిగా ఒక విషయం చెప్పాలి. ఆ రోజు పట్టీలో రాబిన్సన్ వరస చూస్తే మూడు అవకాశాలు, సున్నా హిట్లు. ఏడో ఇన్నింగ్స్‌లో బంతిని మెల్లగా నేలమీదకు నెట్టి పరుగెత్తాడు. ప్రత్యర్థి విసిరిన బంతి గురి తప్పింది, ఎర్రర్ రాశారు. తర్వాత అతనే పరుగు పూర్తి చేశాడు, డాడ్జర్స్‌ను ముందుకు తెచ్చిన పరుగు అది. బోస్టన్ బ్రేవ్స్ మీద 5-3తో గెలిచారు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద రోజుకు పట్టీలో ఉన్నది ఒక సున్నా, ఒక పరుగు. ఆ ఏడాది తిట్లు, బెదిరింపులు, కావాలని కాళ్ల మీదకు బూట్ల ముళ్లతో రావడం, అన్నీ భరించి .297 యావరేజ్, 29 స్టోలెన్ బేస్‌లతో (పిచ్చర్ బంతి వేస్తుండగానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం) ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1949లో .342తో లీగ్ మొత్తానికే అత్యుత్తమ ఆటగాడు. 1997లో 42 నంబర్‌ను అన్ని జట్లూ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాయి. అప్పటికే ఆ నంబర్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. అలా దాన్ని చివరగా వేసుకున్నది యాంకీస్ పిచ్చర్ మరియానో రివెరా. 652 సేవ్‌లతో (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడి గెలిపించడం) 2013లో రిటైరయ్యాడు.

నన్ను బాగా కలచివేసేది జాష్ గిబ్సన్ కథ. నీగ్రో లీగుల్లో అతన్ని మించిన బ్యాటర్ లేడంటారు. 1947 జనవరి 20న, 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్ మైదానంలోకి దిగడానికి మూడు నెలలు కూడా లేదు. పెద్ద లీగులో ఒక్క బంతి ఆడలేదు. 2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగుల లెక్కల్ని తన అధికారిక రికార్డుల్లో కలిపింది. అప్పటిదాకా జీవితకాల యావరేజ్‌లో టై కాబ్ మొదటివాడు. కలిపాక .372తో గిబ్సన్ మొదటికొచ్చాడు. చనిపోయిన 77 ఏళ్లకు. ఆ సీజన్లు చిన్నవి, ఆటలు తక్కువ, అదెలా సమానం అని అడిగేవాళ్లున్నారు. అడగొచ్చు. కానీ రూత్ 714లో ఒక్కటి కూడా శాచెల్ పేజ్ బంతికి కొట్టింది కాదని ఎవరూ అడగరు. పేజ్ నీగ్రో లీగుల మహా పిచ్చర్. పెద్ద లీగులో మొదటిసారి ఆడేసరికి అతని వయసు 42. రెండు లెక్కల్లోనూ లోటు ఉంది, రెండూ ఒకే తప్పు వల్ల.

పిచ్చర్ల సంగతి కొంచెం తొందరగా చెప్తాను. సై యంగ్ 511 విజయాలు. ఇది ఎవరూ దాటరు, ప్రయత్నించాల్సిన పని కూడా లేదు. అప్పుడు మొదలుపెట్టినవాడే ఆట ముగించేవాడు, సై యంగ్ అలా 749 ఆటలు పూర్తి చేశాడు. ఇప్పటి పిచ్చర్లు ఐదారు ఇన్నింగ్స్ వేసి దిగిపోతారు. నోలన్ రయన్ 27 సీజన్లు ఆడి 5,714 స్ట్రైక్అవుట్లు, ఏడు నో-హిటర్లు సాధించాడు. నో-హిటర్ అంటే ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించడం. 1991 మే 1న రయన్ ఏడోది వేశాడు, 44 ఏళ్ల వయసులో. అదే రోజు వేరే ఊళ్లో రికీ హెండర్సన్ 939వ బేస్ దొంగిలించి లూ బ్రాక్ రికార్డు దాటాడు. అతను చివరికి 1,406 దగ్గర ఆగాడు.

27 మంది వస్తే 27 మందినీ బేస్ ఎక్కనివ్వకుండా ఔట్ చేస్తే పర్ఫెక్ట్ గేమ్. నూటయాభై ఏళ్ల చరిత్రలో పాతిక కూడా లేవు. వరల్డ్ సిరీస్‌లో ఒక్కటే, 1956లో డాన్ లార్సెన్‌ది. కానీ నేను పిల్లలకు చెప్పేది లెక్కలోకి రానిది. 2010 జూన్ 2న డెట్రాయిట్ పిచ్చర్ ఆర్మాండో గాలరాగా 26 మందిని వరసగా ఔట్ చేశాడు. 27వ వాడు కూడా స్పష్టంగా ఔట్. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. అప్పట్లో అలాంటి నిర్ణయాన్ని రీప్లే చూసి మార్చే వీలు లేదు. గాలరాగా చిన్నగా నవ్వి, వెనక్కి వెళ్లి తర్వాతి వాణ్ని ఔట్ చేశాడు. ఆట అయ్యాక రీప్లే చూసిన జాయిస్, తప్పు నాదేనని విలేఖరుల ముందు ఒప్పుకున్నాడు. మర్నాడు జట్టు పట్టీని అంపైర్‌కు ఇవ్వడానికి డెట్రాయిట్ తరఫున గాలరాగానే వెళ్లాడు. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ అందుకున్నాడు.

ఈ కథ నాకు ఎందుకు పట్టిందంటే, 2006లో మా అబ్బాయి ఏడేళ్లప్పుడు మా ఊరి పిల్లల లీగులో స్కోర్‌బుక్ రాసేవాళ్లు లేక నేను ఒప్పుకున్నాను. ఒకసారి పన్నెండేళ్ల కుర్రాడు పిచ్ చేస్తున్నాడు. ఆ వయసువాళ్లకు ఆరు ఇన్నింగ్సే. ఆరో ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ లేదు. బంతి షార్ట్‌స్టాప్‌కు ఎడమగా దూసుకెళ్లింది, వాడు దూకాడు, గ్లవ్ అంచుకు తగిలి పక్కకు పోయింది. ఎర్రర్ రాస్తే నో-హిటర్ నిలబడుతుంది. హిట్ రాస్తే పోతుంది. మామూలు ప్రయత్నంతో ఆపగలిగింది ఆపకపోతేనే ఎర్రర్. వాడు ఒళ్లంతా గాల్లోకి విసిరాడు, అది మామూలు ప్రయత్నం కాదు. నేను హిట్ రాశాను. పిచ్చర్ తండ్రి కంచె అవతల నుంచి చాలాసేపు అరిచాడు. కుర్రాడు మాత్రం ఆట అయ్యాక వచ్చి, పుస్తకం చూపించమని అడిగి, ఆ గడి మీద వేలు పెట్టి, "అవును అంకుల్, అది హిట్టే" అన్నాడు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

హిట్ల రికార్డు పీట్ రోజ్‌ది, 4,256. కాబ్‌ను దాటింది 1985 సెప్టెంబర్ 11న. 1989లో జూదం కారణంగా అతన్ని ఆట నుంచి బహిష్కరించారు. 2024లో చనిపోయాడు. 2025 మేలో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. జపాన్ నుంచి వచ్చిన ఇచిరో సుజుకి 2004లో ఒకే సీజన్‌లో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి ఉన్న జార్జ్ సిస్లర్ 257ను దాటాడు. జపాన్‌లో కొట్టినవీ కలిపితే ఇచిరో లెక్క 4,367. కలపాలా వద్దా అన్నది మళ్లీ "ఎవరితో ఆడాడు" అన్న ప్రశ్నే. నా మటుకు, ఇచిరో అంత శుభ్రంగా ఆడినవాణ్ని నేను చూడలేదు.

రొబెర్టో క్లెమెంటే పేరు మీ జాబితాలో లేకపోతే రాసుకోండి. ప్వెర్టో రికో మనిషి, పిట్స్‌బర్గ్ ఆటగాడు. 1972 సెప్టెంబర్ 30న 3,000వ హిట్ కొట్టాడు, రెగ్యులర్ సీజన్‌లో ఆయన ఆఖరి హిట్ అదే. ఆ డిసెంబర్ 31 రాత్రి నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. లెక్క సరిగ్గా 3,000 దగ్గర ఆగిపోయింది.

ఒహ్తానీ గురించి మీ కళ్లముందే జరుగుతోంది కాబట్టి రెండే రోజులు చెప్తాను. 2024 సెప్టెంబర్ 19న మయామీలో ఆరుకు ఆరు హిట్లు, మూడు హోమ్ రన్లు, రెండు స్టోలెన్ బేస్‌లు. ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 స్టోలెన్ బేస్‌లు సాధించిన మొదటివాడయ్యాడు. 2025 అక్టోబర్ 17న నేషనల్ లీగ్ ఫైనల్‌లో పిచ్చర్‌గా పది మందిని స్ట్రైక్అవుట్ చేశాడు, అదే ఆటలో బ్యాటర్‌గా మూడు హోమ్ రన్లు కొట్టాడు. బుమ్రా ఆరు వికెట్లు తీసి, అదే మ్యాచ్‌లో సెంచరీ కొట్టాడనుకోండి. రూత్ కూడా ఒకే ఆటలో ఇలా చేయలేదు.

మనవాళ్లెవరైనా ఉన్నారా అని కూడా అడిగారు. ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు ఒక టీవీ పోటీలో గెలిచి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. చిన్న లీగుల దాకా ఆడారు. ఇప్పుడు మా ఊరి లీగులో నేను రాసే పేర్లలో రెడ్డి, రావు, చౌదరి మామూలైపోయాయి. 2006లో మా అబ్బాయి ఒక్కడే.

చివరగా, మీరు చేయాల్సిన పని ఒకటి. రికార్డులు చదవడం ఆపి, ఒక స్కోర్‌బుక్ కొనుక్కుని, మీ ఊరికి దగ్గర్లో చిన్న లీగు ఆట ఉంటే వెళ్లి రాయండి. టికెట్ చవక. పిచ్చర్ 1, క్యాచర్ 2, మూడు బేస్‌లు వరసగా 3, 4, 5, షార్ట్‌స్టాప్ 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కు, అక్కడినుంచి మొదటి బేస్‌కు వెళ్లి ఇద్దరు ఔటయితే 6-4-3 అని రాస్తారు. స్ట్రైక్అవుట్‌కు ఇంగ్లిష్ కె అక్షరం. బ్యాట్ ఊపకుండా నిలబడి ఔటయితే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. మొదటి రోజు చెయ్యి నొప్పి పుడుతుంది, మూడో ఆటకు అలవాటవుతుంది.

వీలైతే ఏప్రిల్ 15న పెద్ద లీగు ఆటకు వెళ్లండి. నేను ఏటా వెళ్తాను. స్కోర్‌బుక్‌లో పేరు పక్కన జెర్సీ నంబర్ రాయడానికి ఒక సన్నటి గడి ఉంటుంది. మామూలు రోజుల్లో అక్కడ 7, 23, 51 ఇలా ఏవేవో ఉంటాయి. ఆ రోజు మైదానంలో ప్రతి ఒక్కరూ ఒకే నంబర్ వేసుకుంటారు. ఆట మొదలయ్యేముందు కూర్చుని ఆ గడులన్నీ పైనుంచి కిందికి నింపుకుంటూ వస్తాను: 42, 42, 42, రెండు జట్లకూ.